మంగళవారం మాట్లాడే మనిషి

నర్సింగ్ చదివే పిల్లలు మా ఇంటికి వచ్చినప్పుడల్లా అడిగే ప్రశ్న ఒకటుంది. "మెంటల్ వార్డులో అన్నేళ్ళు ఎలా చేశారు మేడమ్, భయం వేయలేదా?" అని. నేను చెప్పే జవాబూ ఒకటే. భయం మొదటి నెలలోనే పోతుందమ్మా, ఆ తర్వాత మిగిలేది ఆరా. పక్కింట్లో ఏం జరుగుతోందో తెలుసుకోవాలన్న ఆరా నాకు పుట్టుకతోనే ఉంది. మా అమ్మ దాన్ని చెడ్డగుణమని తిట్టేది. ఆసుపత్రివాళ్ళు దానికే జీతమిచ్చారు.

మీకిప్పుడు కుటుంబ కౌన్సెలింగ్ అని ప్రత్యేకంగా పాఠాలున్నాయట. మా రోజుల్లో ఆ మాట ఎవరూ వినలేదు. ఎనభైల మొదట్లో తిరుపతిలో నేను పనిచేసిన ఆసుపత్రిలో మా వార్డు ఎక్కడో వెనకపక్క ఉండేది. పట్టుమని పది మంచాలు లేవు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మా డాక్టరు గారికి మాత్రం ఒక పట్టుదల ఉండేది. ఒంటరి మనిషిని ఆయన చేర్చుకునేవారు కాదు. తాగుడు మాన్పించాలన్నా, పిచ్చి కుదర్చాలన్నా ఇంట్లోవాళ్ళు కూడా వచ్చి ఉండాలి, ఇక్కడే వండుకోవాలి, ఇక్కడే తినాలి, కావాలంటే ఇక్కడే పోట్లాడుకోవాలి. అందుకని వెనక వరండాలో కిరోసిన్ స్టవ్వులు పెట్టుకోనిచ్చారు. మా వార్డులో మందుల వాసన కంటే తిరగమాత వాసనే ఎక్కువగా ఉండేది.

ఆ వార్డుకు ఆయా తిరుపతి మనిషి. గంగజాతరకు తప్పకుండా మొక్కు తీర్చే ఇంటిది. ఏ జబ్బుకైనా ఆమె దగ్గర కారణం ముందే తయారుగా ఉండేది, రోగి వచ్చాక దాన్ని తగిలించడమే ఆలస్యం. నేనేమో చిత్తూరు దగ్గర క్రైస్తవుల ఇంటి పిల్లను. ఆదివారం ప్రార్థన, క్రిస్మస్‌కు కొత్త గుడ్డలు తప్ప పూనకాలూ గీనకాలూ మా ఇంట ఎరగం. డాక్టరు గారు, ఆయా, నేను, ఈ ముగ్గురం కలిసి ఒక ఇంటిని బాగుచేయబోయి ఏం చేశామో చెబుతాను.

ఎండాకాలంలో నగరి వైపు నుంచి ఒక నేత కుటుంబం వచ్చింది. కొడుకు, తల్లి, కోడలు. కొడుక్కు ముప్పై దాటి ఉంటాయి. మంచినీళ్ళ గ్లాసు ఇస్తే సగం చొక్కా తాగింది, సగం తను తాగాడు. అంతగా వణుకుతున్నాయి చేతులు. మగ్గం గుంతలో కూర్చుని దారం తీసుకుపోయే నాడె విసిరితే అది పోవలసిన చోటికి పోవడం లేదట. సారాయి అలవాటు పెళ్ళికి ముందునుంచీ ఉంది.

ఇదంతా చెప్పింది తల్లి. డాక్టరు గారు కోడలి వైపు తిరిగి, "రోజూ తాగుతాడామ్మా?" అని అడిగితే తల్లి అందుకుంది.

"దినామూ తాగతాడు సారూ. దానికేం తెలుసు, చిన్న బిడ్డ."

"నీ పేరేంటమ్మా?" అన్నారాయన కోడలితోనే. పేరు కూడా అత్తే చెప్పింది. డాక్టరు గారు పెన్ను కింద పెట్టి, "పోనీ, నీకేమైనా ఒంట్లో బాగలేదా?" అని ఆ పిల్ల మొహంలోకి చూస్తూ అడిగారు.

"దానికేం సారూ, గుండ్రాయి మాదిరుండాది," అంది అత్త.

నేను నవ్వు ఆపుకోలేక మందుల అలమర వైపు తిరిగాను. ఆ పిల్ల మాత్రం తలెత్తలేదు. నోట్లో నాలుక లేని మనిషి అంటారే, అలా ఉంది.

తాగుడు ఒక్కసారిగా ఆపితే మొదటి మూడు నాలుగు రోజులు మనిషి ఈ లోకంలో ఉండడు. చెమటలు, వణుకు, లేనివి కనిపించడం. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి కనిపిస్తుంది. పోలీసు పనిచేసినవాడికి దొంగలు కనిపిస్తారు. ఇతనికి దారాలు కనిపించాయి. గాలిలోంచి పోగులు పట్టుకుని, "తెగిపోతాండాది, తెగిపోతాండాది, అవతలి కొస పట్టుకోండి!" అని కేకలు. మేం ఇంజక్షను సిద్ధం చేసేలోపు భార్య వచ్చి మంచానికి అవతల కూర్చుని, ఆ లేని పోగు కొసను రెండు వేళ్ళతో పట్టుకుంది. అతను ముడి వేశాడు. ఆమె ఇంకో కొస అందించింది. అలా ముడులు వేస్తూ వేస్తూ నిద్రపోయాడు. ఆ పిల్ల మీద నాకు అప్పుడే అభిమానం పుట్టింది. మాట రాని దానికి ఇంత తెలివి ఎక్కడిదా అనుకున్నాను.

మాట వచ్చునని మంగళవారం తెలిసింది.

ఆ రోజు పొద్దున వరండాలో నుంచి ఒక అరుపు వినిపించింది. వెళ్ళి చూస్తే ఆ పిల్ల జుట్టు విరబోసుకుని నేల మీద కూర్చుని ఊగుతోంది. గొంతు ఆమెది కాదు. అడుగునుంచి వస్తున్న బొంగురు గొంతు. అప్పటిదాకా కోడల్ని చిన్న బిడ్డ అన్న అత్త ఆమె కాళ్ళ ముందు సాష్టాంగపడి ఉంది. మంచం దిగలేడనుకున్న కొడుకు గోడ పట్టుకుని వచ్చి చేతులు జోడించాడు.

"గంగమ్మ తల్లి. వారం వారం వస్తాది," అంది అత్త నాతో, పసుపు నీళ్ళు చల్లుతూ.

గంగమ్మ కొడుకును చూసి పళ్ళు కొరికింది. "ఆ సారాయి అంగడి గడప తొక్కినావంటే కాళ్ళు ఇరగ్గొడతా. ఈ దినం నుంచి తాగనని ఒట్టెయ్యి."

"తాగను తల్లీ. తాగితే నువ్వే తీసుకుపో," అన్నాడతను ఏడుస్తూ.

గంగమ్మ అత్త వైపు తిరిగింది. "నా బిడ్డ ఆకలితో నూలు కండెలు సుడతాంటే సల్ది సంగటి పెడతావా? ఉడుకు సంగటి పెట్టు. ఊరిబిండి ఎయ్యి. ఆడి నెలకి పుట్టింటికి పంపిస్తానని పంపలేదే నువ్వు?"

"పంపిస్తా తల్లీ, తప్పయిపాయ," అంది అత్త నేలకు నుదురు ఆనించి.

నా ఆరా చెవులు రిక్కించింది. ప్రపంచాన్ని ఏలే తల్లి తిరుపతి దాకా వచ్చి ఊరిబిండి పచ్చడి గురించి మాట్లాడుతోందేమిటి? ఈ దేవతకు తెలిసినవన్నీ ఈ ఇంటి సంగతులే. నటిస్తోందని నాకు అప్పటికప్పుడు తేలిపోయింది. ఆయా ఒప్పుకోలేదు. అది గంగమ్మ కాదు, గంగమ్మ అయితే ముందు అంబలి అడుగుతుంది, ఇది పెళ్ళి కాకుండా చచ్చిపోయిన ఎవరిదో గాలి, వేపమండలతో నాలుగు తగిలిస్తే పేరు చెబుతుంది అని తేల్చింది. డాక్టరు గారు మా ఇద్దరినీ చూసి జాలిగా నవ్వారు. అది జబ్బు అన్నారు. మనసులో అణిగిన బాధ ఒంటి మీదికి ఇలా వస్తుందని పుస్తకాల్లో ఉందట.

ముగ్గురం మూడు మాటలు అన్నాం. అసలు మనిషిని అడుగుదామని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

డాక్టరు గారు ఆ పిల్లకు మాత్రలు రాశారు. వాటితో కొంచెం మత్తు, ఎక్కువ నిద్ర. తర్వాతి మంగళవారం ఆమె గోడకు ఆనుకుని కునికిపాట్లు పడింది, గంగమ్మ రాలేదు. అతని చేతుల వణుకు కూడా తగ్గింది. అతనికి ఇంకో మాత్ర ఇచ్చారు. అది వేసుకుంటూ తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి వాంతులు పట్టుకుంటాయి. ఆ భయంతోనే మనిషి తాగడు. ఒక్క ఇంట్లో ఇద్దరు రోగులనూ ఒకేసారి బాగుచేసి పంపిస్తున్నామని మేం మురిసిపోయాం. డాక్టరు గారు ఆ రోజు అందరికీ కాఫీలు తెప్పించారు.

రెండు నెలలు తిరక్కుండా అత్త ఒక్కతే వచ్చింది. వార్డు గుమ్మంలో నిలబడి లోపలికి రాకుండానే మొదలుపెట్టింది.

"మా అమ్మోరిని యాడ పెట్టినారు? మా అమ్మోరిని మాకిచ్చేయండి!"

నా సర్వీసులో రోగుల బంధువులు ఎన్నో అడిగారు. పోయిన చెప్పులు అడిగారు, తీయించుకున్న పన్ను అడిగారు. దేవతను తిరిగి ఇమ్మని అడిగినావిడ ఈమె ఒక్కతే. మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి డాక్టరు గారిని పిలిచాను.

కొడుకు మళ్ళీ తాగుతున్నాడు. కళ్ళు పచ్చబడ్డాయి, కాళ్ళు వాచాయి. కోడలు అన్నం సరిగా తినదు, పిలిస్తే పలకదు. గంగమ్మ రావడం మానేసింది. ఆసుపత్రికి రాకముందు సంగతి ఆమె చెబితే మాకు తెలిసింది. మంగళవారం గంగమ్మ తిడితే ఆ భయం అతనికి శుక్రవారం దాకా ఉండేదట. ఆ మూడు రోజులూ తాగేవాడు కాదు, మగ్గం నడిచేది. ఇప్పుడు ఆ ఇంట్లో అతనికి వద్దని చెప్పేవాళ్ళే లేరు.

"మరి నేనిచ్చిన మాత్ర?" అన్నారు డాక్టరు గారు.

"అదా సారూ! ఇంటికి పోయిన వారానికే మొగమంతా ఎర్రగా కాగిపోయి, కక్కి కక్కి సస్తాడనుకున్నాం. మీ మాత్ర మా అబ్బోడికి పడలేదు. ఆపేసినాం."

"తాగితేనే అలా అవుతుందమ్మా. ఆ రోజు అంగడికి వెళ్ళాడా?"

"నా బిడ్డ మీద ఒట్టు సారూ. ఆ వారమంతా ఇల్లు కదల్లేదు. కాళ్ళు నొప్పులని మగ్గం కాడే పండుకోనుండాడు."

ఆమె అబద్ధం చెప్పడం లేదు. అబద్ధం చెప్పేవాళ్ళ మొహాలు మా వార్డులో దినమూ చూసేవాళ్ళం. డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచి, "ఇల్లు కదలని మనిషికి సారాయి ఎక్కడినుంచి వచ్చింది సిస్టర్?" అన్నారు. అది తెలుసుకోకపోతే నాకూ నిద్ర పట్టేటట్టు లేదు. అత్త వెంట నన్నే పంపించారు, వాళ్ళను పిలుచుకు రమ్మని.

వాళ్ళ ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. వీధి వీధంతా మగ్గాల చప్పుడే. అక్కడక్కడ కరెంటు మగ్గాలు వచ్చాయి గానీ వాళ్ళింట్లో ఇంకా గుంత మగ్గమే. ముందుగదిలో సగం అదే ఆక్రమించింది. ఆ గుంతలో కాళ్ళు పెట్టుకుని దినమంతా తొక్కాలి. అతను పక్కన చాప మీద పడుకుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయాడు.

నేను ఆ ఇంట్లో సీసా కోసం వెతికాను. నీళ్ళు తాగే నెపంతో వంటింట్లోకి వెళ్ళాను, కాళ్ళు కడుక్కునే నెపంతో పెరట్లోకి వెళ్ళాను. సీసా ఎక్కడా లేదు. కానీ ఒకటి గమనించాను. ఆ కోడలికి ఏదైనా కావాలంటే నోరు విప్పదు. కండెల బుట్టను నేలకేసి తడుతుంది. అత్త చూస్తుంది. దారమైతే ఒక దెబ్బ, అన్నమైతే అదీ లేదు, అత్త పిలిచినప్పుడే. అత్తామామల ముందు కోడలు గొంతు ఎత్తకూడదన్నది ఆ ఇంటి పద్ధతి. మామ పోయినా పద్ధతి పోలేదు.

సాయంత్రం వీధిలో పడుగు దారాలు సాగదీసి గంజి పెడుతున్నప్పుడు ఆ పిల్ల ఒక్కతే దొరికింది. నేనూ ఒక పక్క పట్టుకున్నాను. పట్టుకోవడం రాక రెండు పోగులు తెంపాను కూడా.

"అమ్మోరు వచ్చినప్పుడు నీకు తెలుస్తాదా?" అని అడిగాను. ఎన్నో వారాల కిందట అడగవలసిన ప్రశ్న.

నేను తెంపిన పోగులు ముడివేస్తూ చెప్పింది.

"సగం తెలుస్తాది, సగం తెల్దక్కా. నోరు నాదే. మాట యాడ్నుంచి వస్తాదో నాకు తెల్దు. వచ్చి పోయినాక ఒళ్ళు తేలిగ్గా ఉంటాది, బాగా ఆకలేస్తాది." ఆగి మెల్లగా అంది. "ఇప్పుడు లోపలుండాది గానీ లేసేదానికి కాలేదు. ఆయమ్మకి నిద్దర మాత్రలు ఇచ్చినారు గదా."

నాకు సిగ్గో నవ్వో తెలియలేదు. "ఆయమ్మ సెప్పేది నువ్వే సెప్పకూడదా?" అన్నాను.

"నేను సెప్తే ఎవురింటారు? అమ్మోరు సెప్తే ఆజ్ఞ. కోడలు సెప్తే నోటి దురుసు."

"ఇల్లు కదలని మనిషికి సారాయి యాడిదమ్మా?"

చేతిలో పోగు ఆగింది. లోపలినుంచి అత్త దగ్గు వినిపించింది. ఆ పిల్ల తల వంచుకుని, "నాకేం తెల్దక్కా," అంది. ఈసారి అబద్ధం. మొహం చూస్తేనే తెలిసిపోయింది.

మర్నాడు ముగ్గురినీ వార్డుకు తీసుకొచ్చాను. డాక్టరు గారు అతని పొట్ట నొక్కి చూశారు, కళ్ళు చూశారు, నన్ను వరండాలోకి పిలిచారు. "ఆ మాత్ర ఇక ఇవ్వలేం. లివరు తట్టుకోదు. ఇంకొన్నాళ్ళు తాగితే మనిషి మిగలడు. తాగకుండా ఆపేది మన దగ్గర ఏమీ లేదు, వాళ్ళింట్లోనే ఏదైనా ఉండాలి."

"వాళ్ళింట్లో ఉన్నదాన్ని మనమే పంపించేశాం సార్," అన్నాను.

పడుగు దగ్గర ఆ పిల్ల అన్నదంతా చెప్పాను. ఆయన కోప్పడతారేమో అనుకున్నాను. ఆయన ఆ పిల్ల కాగితం తెప్పించి, మాత్రల పేర్ల మీద గీత కొట్టారు. గొప్ప డాక్టర్లను తర్వాత చాలామందిని చూశాను గానీ, తను రాసిన మందును తనే నవ్వుతూ కొట్టేసిన డాక్టర్ని ఈయన్నే చూశాను. "అయితే దేవతను మళ్ళీ అడ్మిట్ చేద్దాం. మంగళవారం పిలుద్దాం. ఆవిడ ఆజ్ఞే మన ప్రిస్క్రిప్షన్ అనుకుందాం," అన్నారు. ఆసుపత్రిలో కర్పూరమేమిటని మేట్రన్ అడ్డుపడింది. పక్కన నీళ్ళ బకెట్ పెడతామంటే ఒప్పుకుంది.

ఆ మంగళవారం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఆయా తెల్లారకముందే వేపాకు తెచ్చింది. గాలి అన్నదాన్నే ఇప్పుడు గంగమ్మ అని తనే అందరికీ చెబుతోంది. వరండా కడిగి ముగ్గు వేశారు. ఆ పిల్లకు తలస్నానం చేయించి, పసుపు రాసి పీట మీద కూర్చోబెట్టారు. అత్త పళ్ళెంలో కర్పూరం వెలిగించి నిలబడింది. కొడుకును కుర్చీలో కూర్చోబెట్టి తీసుకొచ్చాం. వాచిన కాళ్ళు కిందికి వేలాడుతున్నాయి. డాక్టరు గారు స్తంభానికి ఆనుకుని, పరీక్ష రాసే పిల్లాడిలా నిలబడ్డారు.

గంగమ్మ రాలేదు.

కర్పూరం అయిపోయింది, ఇంకోటి వెలిగించారు. అత్త పాట ఎత్తుకుంది. రాలేదు. వేపాకు ముదురుగా ఉంది, లేతది కావాలని ఆయా అంది. మాత్రల మత్తు ఇంకా వదల్లేదేమోనని డాక్టరు గారు నాతో గొణిగారు. అత్త చూపు నా మెడలో సిలువ మీద పడింది. "సిస్టరమ్మా, ఏమనుకోవద్దు, నువ్వు రవంత అవతల నిలబడు తల్లీ," అంది. నేను గుమ్మం అవతలికి జరిగి తలుపు సందులోంచి చూస్తూ నిలబడ్డాను. నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో ఆ గంగమ్మ రావాలని అక్కడున్న అందరికంటే ఎక్కువ కోరుకున్నదాన్ని నేనే. నటన అని మొదట తేల్చిపారేసిన నేనే. మా నాయన వింటే ఏమనేవాడో.

కొడుకు ఉన్నట్టుండి ఏడవడం మొదలుపెట్టాడు. "నన్నిడిసిపెట్టేసింది. అమ్మోరు కూడా నన్నిడిసిపెట్టేసింది. ఇంగ నాకు దిక్కెవురు?"

ఆ పిల్ల కళ్ళు తెరిచింది. అతన్ని చూసింది. వాచిన కాళ్ళను చూసింది. పీట మీద నుంచి లేచి, కొంగు తలమీదుగా కప్పుకుని మాట్లాడింది. సన్నని గొంతు. ఆమె సొంత గొంతు నేను అత్త ముందు వినడం అదే మొదటిసారి.

"అమ్మోరు రాలేదు. నేనే సెప్తాండా."

మొగుడి కుర్చీ ముందుకు వెళ్ళి నిలబడింది.

"నువ్వు అంగడికి పోయి తాగిందానికి అమ్మోరు తిట్టింది. ఇంట్లో తాగిందానికి ఎవురూ తిట్టలేదు." అత్త వైపు తిరిగింది. "అత్తా, కాళ్ళు నొప్పులని పొద్దుగూకినాక చెంబులో పోసి తెచ్చిస్తావే, అదీ సారాయే. దాంతోనే కక్కినాడు. దాంతోనే కాళ్ళు వాచినాయి. ఇంగ నువ్వు పోస్తే నీ బిడ్డ నీకు మిగలడు, నా మొగుడు నాకు మిగలడు."

సీసా కోసం ఇల్లంతా వెతికిన నేను చెంబు సంగతే అనుకోలేదు. వంటింట్లో నీళ్ళు తాగింది ఆ చెంబుల్లో ఒకదానితోనే. ఆ తల్లి ఒట్టు కూడా అబద్ధం కాదు. ఆమె లెక్కలో అంగడిలో తాగితే తాగుడు. తల్లి చేతితో పోస్తే అది గుంతలో కాళ్ళు తొక్కి తొక్కి వచ్చిన నొప్పికి మందు. ఆమె అత్త ఆమె మొగుడికి అలాగే పోసిందట. ఈ మాట ఇన్నేళ్ళలో గంగమ్మ ఒక్క మంగళవారం కూడా ఎత్తలేదు. ఆ అత్తకు గంగమ్మ కూడా జంకినట్టుంది.

అత్త చేతిలో పళ్ళెం అలాగే ఉంది. కర్పూరం ఎవరికి చూపాలో తెలియక అటూ ఇటూ చూసింది. "నీకెవురు సెప్పినారే ఇట్ల మాట్లాడమని?" అంది చివరికి. గొంతులో కోపం ఉందో భయం ఉందో తెలియలేదు.

"ఎవురూ సెప్పలేదత్తా."

అంతా పోయిందనుకున్నాను. ఈ దెబ్బతో కొడుకునూ కోడల్నీ తీసుకుని వెళ్ళిపోతుంది, మళ్ళీ ఈ గుమ్మం తొక్కదు అనుకున్నాను. డాక్టరు గారు కూడా ఒకడుగు ముందుకు వేశారు. అత్త పళ్ళెం కింద పెట్టి, గోడకు చేరబడి కూలబడింది. కొడుకు కాళ్ళ వైపు చూస్తూ కన్నీళ్ళు పెట్టుకుంది. కొంగుతో ముక్కు తుడుచుకుని కోడల్ని అడిగింది.

"మరి ఆడికి కాళ్ళు నొప్పులు పుడితే నేనేం పొయ్యల్ల?"

"ఉడుకునీళ్ళు పొయ్యత్తా. కాళ్ళ మీద."

డాక్టరు గారు మొహం పక్కకు తిప్పుకున్నారు. నవ్వారో ఏడ్చారో నేను అడగలేదు. నేనైతే తలుపు వెనకే రెండూ చేశాను.

అతను ఒకేసారి మారిపోయాడని చెబితే మీరు నమ్మకండి. తాగుడు అంత సులువుగా వదిలే జబ్బు కాదు. ఒకసారి బంధువుల చావుకు వెళ్ళి తాగి వచ్చాడు. ఆ రాత్రి ఏమైందో తెలియదు గానీ, తెల్లారేసరికి భార్యే అతన్ని రైలెక్కించి తీసుకొచ్చింది. మళ్ళీ చేర్చుకున్నాం. కాళ్ళ వాపు తీయడానికే చాలా నెలలు పట్టింది. మా వార్డులో మాత్రం ఆ తర్వాత ఒక పద్ధతి వచ్చింది. ఏ కుటుంబం వచ్చినా డాక్టరు గారు మాట్లాడని మనిషి ఎవరో ముందు చూసుకునేవారు. ఆ మనిషిని నాతో స్టవ్వుల దగ్గరికి పంపించేవారు. ఉల్లిపాయలు కోస్తూ అడిగితే చెప్పని మనిషి లేదని నాకు అనుభవం మీద తెలిసింది.

ఇంతకూ ఆ పిల్లకు వచ్చింది దేవతా, జబ్బా, నటనా అని మీరు అడుగుతారని తెలుసు. నాకు ఈ రోజుకూ తెలియదు. తెలిసినట్టు మాట్లాడేవాళ్ళంటే నాకు కొంచెం అసూయ కూడా.

మరుసటి ఏడు అత్త కొడుకును చూపించడానికి వచ్చింది. చేతులు నిలకడగా ఉన్నాయి, తను నేసిన తువ్వాలు ఒకటి నాకు ఇచ్చాడు. అతను లోపల డాక్టరు గారి దగ్గర ఉండగా నా ఆరా ఊరుకోలేదు. "అమ్మోరు మళ్ళీ వచ్చిందా?" అని అత్తను అడిగాను.

"వచ్చింది సిస్టరమ్మా, మా ఊరి జాతరకి," అంది. "వచ్చి పసుపునీళ్ళు తాగి, అందరూ సల్లగా ఉండండి అని ఎల్లిపోయింది. ఇంగ సెప్పేదానికి ఏముండాది ఆయమ్మకి? అంతా మా కోడలమ్మే సెప్పేస్తాంటే!"